మగ్గం కర్రతో ఇంటి సామాను

నేతపనివారి పత్రికలో వడ్రంగం గూర్చి వ్రాయుటేమని చదువరులలో కొందరు నవ్వుకొనవచ్చును. నూలు ధర, పట్టు ధర, రావలసిన రిబేటు బకాయిలు, ఇవన్నీ వదలి బల్లలు, పీటలు గురించి సంఘం కార్యదర్శికి ఏమి పని అని అడుగవచ్చును. అడుగవలసినదే. మా బరంపురంలో గత పది పన్నెండేళ్ళుగా జరిగిన సంగతులు చెప్పెదము. విన్న పిమ్మట ఈ విషయం మన పత్రికకు తగినదో కాదో తామే నిర్ణయించవచ్చును.

మనవాళ్ళున్న ఏ ఊరు చూచినా, బరంపురం కానీ, షోలాపురం కానీ, సేలం కానీ, పని మానిన మగ్గాలు ఇళ్ళలో పడి ఉన్నవి. కొడుకు సూరతు వెళ్ళి మరమగ్గాల మీద కుదురుకొన్నాడు. తండ్రికి చూపు ఆనక నేత మానుకొన్నాడు. గుంట పూడ్చి గచ్చు చేసినారు. స్తంభాలు, దూలాలు, పలకలు విప్పి పెరటిగోడకు నిలబెట్టినారు. రెండు వానాకాలాలు తడిసిన తరువాత అవి నీళ్ళపొయ్యిలోకి పోవును, లేదా కట్టెల అడితికి పోవును. అడితివాడు అది ఏ కర్ర అని చూడడు, కిలోల లెక్కన తూచుకొని పోవును. 2019లో మా సభ్యుడొకరు మగ్గం మొత్తం అట్లు తూచి ఇచ్చివేయగా, వచ్చిన సొమ్ము ఒక పట్టుచీర నేత కూలిలో సగమైనా కాలేదు. అది గుగ్గిలం కర్ర, కొంత టేకు. వారి తాతగారు చేయించిన మగ్గం. ఇంకొక తరం నిలువగల కర్ర.

కాల్చవద్దని చెప్పుట సులభమే. మరి ఏమి చేయమంటారు అని ఎదురడిగినప్పుడు మావద్ద జవాబు ఉండవలెను గదా. ఆ జవాబు మేము నేర్చుకొన్న తీరు అంత గౌరవమైనది కాదు. అయినను దాచకుండా వ్రాయుచున్నాము.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినది. గోపాలపూర్ మా ఊరి రేవే అనుకొనవచ్చును, అంత దగ్గర. గాలి గంటకు రెండువందల కిలోమీటర్ల వేగంతో కొట్టినది. తెల్లవారి చూడగా వీధులన్నీ పడిన చెట్లే. సంఘం ఆవరణలోని వేపచెట్టు వేళ్ళతో సహా లేచి ప్రహరీగోడ మీద పడినది. కచేరీ కప్పు ఒకవైపు కూలి, వచ్చినవారు కూర్చొను పాత బెంచీలు విరిగిపోయినవి. ఒకవైపు పడిన చెట్టు, మరొకవైపు విరిగిన బెంచీలు. వడ్రంగివారికి ఆ నెలలలో క్షణం తీరిక లేదు. ఊరంతా తలుపులు, దూలాలు పోయి ఉన్నవి. మేమే చేసుకొందుమని, వేపమానును రంపపు మిల్లుకు పంపి పలకలు కోయించినాము. మగ్గం బిగించుట చిన్ననాటి నుండి చేసిన పనే, మగ్గం బిగించువానికి బెంచీ ఒక లెక్కా అనుకొన్నాము.

నాలుగు కాళ్ళు, పైన రెండు పలకలు, మూడంగుళాల మేకులు. రెండు రోజులలో మూడు బెంచీలు తయారైనవి. చూచినవారు మెచ్చుకొన్నారు. మేము కొంత గర్వపడిన మాట కూడ నిజము. సంక్రాంతి నాటికి పలకలు దొప్పల వలె వంగినవి. ఒక బెంచీకి ఒక కాలు మెలిదిరిగి నేలకు ఆనుట మానినది. దానికింద అట్టముక్క మడిచి పెట్టి పని గడుపుకొన్నాము.

2014 వేసవిలో ఒక సోమవారం నాడు, కండెలు చుట్టి తెచ్చి కూలి పట్టుకొని పోవు పెద్దమ్మ ఒకామె ఆ బెంచీ మీద కూర్చున్నది. కూర్చున్నప్పుడు ఏమియు కాలేదు. లేవబోవుచు ఒక పక్కకు ఒరిగి చేయి ఆనించినప్పుడు మేకులు ఊడివచ్చి కాలు విడిపోయినది. ఆమె మణికట్టు విరిగినది. పిండికట్టు వేసినారు. ఆరువారాలు రాట్నం ముట్టలేదు. రాట్నం తిప్పనిదే ఆమెకు కూలి లేదు.

ఆమె మమ్ము ఒక్క మాట అనలేదు. "మీరేటి సేత్తారు బాబూ, నా రాత అలాగుంది" అని మాత్రం అన్నది. ఆరువారాల కూలి సంఘం ఇచ్చునట్లు తీర్మానం పెట్టినాము. బెంచీ చేసినవారే ఆ సొమ్ము భరించవలెనని ఇద్దరు సభ్యులు లేచినారు. న్యాయమైన మాటే. సగం మేము పెట్టుకొన్నాము.

ఆ విరిగిన కాలు చేతబట్టుకొని, మా వీధికి మగ్గాలు చేసిపెట్టు ముసలి ఆచారిగారి వద్దకు పోయినాము. ఆయన దానిని అటు ఇటు త్రిప్పి చూచి, "పచ్చికర్రకు మేకులు కొట్టారా? గంజి ఆరకుండా పడుగు మగ్గానికి ఎక్కించినట్టుంది మీ పని" అన్నారు. ఇంతకంటె మాకు తెలియునట్లు ఎవరు చెప్పగలరు? పచ్చికర్ర ఆరుచు ముడుచుకొనునప్పుడు మేకు చుట్టూ ఉన్న పట్టు సడలును. బయటికి ఏమియు కనబడదు. మేకు తల అక్కడనే మెరయుచు ఉండును.

తరువాత ఆయన చెప్పిన మాట మేము ఇప్పటికీ క్రొత్తగా నేర్చుకొనువారికి మొదట చెప్పుచున్నాము: "కర్రలో పడుగే గాని పేక లేదు నాయనా."

బట్టకు నిలువున పడుగు, అడ్డముగా పేక ఉండి ఒకదానినొకటి పట్టుకొనును గనుక ఎటు లాగినను బట్ట నిలుచును. కర్రకు చెట్టు పెరిగిన దిక్కుననే పోగులు. ఆ పోగుల వెంట ఎంత బరువైనా మోయును. అడ్డముగా పట్టుకొనునది అంత బలమైనది లేదు. గొడ్డలి పడినచోట కట్టె నిలువున చీలుటకు కారణమదియే. తడి పీల్చినను, ఆరినను, పొడవు దాదాపు మారదు. మారునది వెడల్పు. పచ్చి టేకుపలక పూర్తిగా ఆరునప్పటికి వెడల్పున నూటికి నాలుగైదు పాళ్ళు తగ్గవచ్చును. పొడవున తగ్గునది వెయ్యికి ఒకటి రెండు పాళ్ళే. టేకు నిదానమైన కర్ర గనుక అంతటితో సరి, అంతకంటె ఎక్కువ ముడుచుకొను కర్రలు చాల ఉన్నవి. పైగా ఒకసారి ఆరినంత మాత్రాన కదలిక ఆగిపోదు. వానలకు ఉబ్బును, మాఘమాసపు ఎండుగాలికి తగ్గును. మనం పట్టు పడుగును వానాకాలంలో ఒకలాగున, వేసవిలో ఒకలాగున చూచుకొనుట లేదా? కర్రకు కూడ అంతే.

మిగిలిన వేపపలకలను ఆచారిగారు చెప్పినట్లు ఆరబెట్టినాము. నేలకు అడుగు ఎత్తున, నీడలో, పలకకు పలకకు నడుమ సన్నని బద్దలు పెట్టి పేర్చవలెను. ఆ బద్దలు ఒకదానిపై ఒకటి ఒకే వరుసలో ఉండవలెను, లేనిచో బరువుకు పలకలు వంగును. కోసిన కొనలకు మైనమో పాత రంగో పూయవలెను. కొనలు తొందరగా ఆరి పగులును గనుక. అంగుళం మందానికి ఒక యేడాది అని వడ్రంగుల లెక్క. మాకు ఆ లెక్క మీద నమ్మకం చాలక, ఒక చిన్న పలకను ప్రతి శనివారం నూలు తూచు కాటా మీద పెట్టి బరువు పుస్తకంలో వ్రాసినాము. మొదట వారం వారం తగ్గినది, తరువాత నెలకు కొంచెం తగ్గినది, ఆపైన ముల్లు కదలలేదు. ముల్లు ఆగినప్పుడు కర్ర మన ఊరి గాలికి సరిపడ ఆరినదని అర్థం. కాటా ఉన్న ఏ సంఘమైనా ఈ పరీక్ష చేయవచ్చును, ఖర్చు లేదు.

ఇప్పుడు మగ్గం కర్ర సంగతికి వచ్చెదము. తరముల తరబడి ఇంటి నీడలో ఆరిన కర్ర అది. దానికి వంగవలసినదేదో ఎప్పుడో వంగినది. క్రొత్త కర్ర కొని యేడాది కాచుకొనుటకంటె అది ఎంతో మేలు. అయితే జాగ్రత్తలు కొన్ని ఉన్నవి. పాత మేకులు, బోల్టుముక్కలు లోపల దాగి ఉండును. రంపం పెట్టకముందే అయస్కాంతపు ముక్క ఒకటి కర్ర పొడవునా రాయవలెను. మేము రెండు రంపాల పళ్ళు పోగొట్టుకొన్న తరువాత ఈ పని మొదలుపెట్టినాము. పుచ్చు ఉన్నదేమో ఆరెతో పొడిచి చూడవలెను. మెత్తగా దిగినచోట కోసి పారవేయవలెను. గంజి, నూనె, చేతి మురికి అట్టకట్టి ఉండును గనుక మొదట చిత్రిక పట్టి లోపలి రంగు చూడవలెను. చిత్రిక పట్టునప్పుడు టేకు మాట వినును. వేప, గుగ్గిలం వినవు, వాటి పోగు అటొక పొర ఇటొక పొర తిరిగి ఉండును గనుక చిత్రిక పెచ్చులు లేపును. ఇనుము బాగా సానబట్టి, వెంట్రుకవాసి బయటికి తీసి పట్టవలెను. గుగ్గిలానికి మేకు నేరుగా కొట్టినచో మేకు వంగును, లేదా కర్ర చీలును. బర్మాతో బెజ్జం వేసిన తరువాతనే ఏదైనా.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. చేతిరంపం, చిత్రిక, అరంగుళం ఉలి, అంగుళం ఉలి, కొయ్యసుత్తి, మూలమట్టం, బర్మా, సానరాయి. సానరాయికి డబ్బు చూచుకొనకుడు. మొద్దు ఉలితో ఎక్కువ బలం పెట్టవలసి వచ్చి, అది జారి చేతిలో దిగును. వాడి ఉలి అంత ప్రమాదం కాదు.

మొదట చేయదగినది బెంచీ. పొడవు నాలుగడుగులు, ఎత్తు పదిహేడంగుళాలు, వెడల్పు పదకొండంగుళాలు. మగ్గపు స్తంభం నిలువున కోసినచో రెండున్నర అంగుళాల చదరపు కాళ్ళు నాలుగు వచ్చును. కాళ్ళను కలుపు అడ్డకర్రలు మూడంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం ఉండవలెను. మా మొదటి బెంచీకి ఈ అడ్డకర్రలే లేవు, పెద్దమ్మ పడుటకు అది మరొక కారణం. అడ్డకర్ర కొనకు కుసి తీసి, కాలిలో దానికి సరిపడు బెజ్జం తొలిచి, రెండింటిని కూర్చవలెను. కుసి మందం అడ్డకర్ర మందంలో మూడవ వంతు ఉంచినచో అటు కుసికి, ఇటు బెజ్జపు గోడలకు బలం సరిపోవును. బెజ్జం మొదట తొలిచి, తరువాత కుసిని దానికి తగినట్లు కొంచెం కొంచెం చెక్కుకొనవలెను. చేతితో నొక్కిన సగం పోవలెను, సుత్తితో మెల్లగా కొట్టిన మిగిలిన సగం పోవలెను. మొత్తం చేతితోనే పోయినచో వదులు. సుత్తితో పగులగొట్టవలసి వచ్చినచో కాలు చీలును. మా మొదటి ఎనిమిది కుసులలో ఐదు వదులు. ఆ ఐదింటికి చిత్రిక పొరలు జిగురుతో అంటించి మందం చేసినాము. చూపుటకు సిగ్గయినను పట్టు మాత్రం నిలిచినది.

జిగురు పూసి కూర్చిన తరువాత మరునాటి వరకు బిగించి ఉంచవలెను. వడ్రంగుల బిగింపు మరలు మనవద్ద ఉండవు. అయినను కూర్చిన కాళ్ళచుట్టూ తాడు రెండు చుట్లు చుట్టి, నడుమ కర్రముక్క దూర్చి మెలిత్రిప్పినచో చాలును. పడుగు తాడు బిగించువానికి ఇది చెప్పవలెనా? చట్రం మూలకు ఉన్నదా లేదా చూచుటకు కూడ మనపద్ధతే: ఒక మూల నుండి ఎదురుమూలకు నూలుపోగు పట్టి కొలిచి, రెండవ జత మూలలకు అదే పోగు పెట్టవలెను. రెండు కొలతలు సమమైనచో చట్రం సరి. సమం కానిచో జిగురు ఆరకముందే పొడవైన మూల నొక్కి సరిచేయవలెను. ఆరిన తరువాత కుసి నడుమ బర్మాతో బెజ్జం వేసి వెదురుశీల కొట్టినచో జిగురు వదలినను కీలు వదలదు.

చేసిన బెంచీ మీద ఎవరిని కూర్చోబెట్టుటకును మాకు ధైర్యం చాలలేదు. ఒక్కొక్కటి నాలుగున్నర కిలోల నూలుకట్టలు నలభై ఎక్కించి, అనగా నూట ఎనభై కిలోలు, ఒక రాత్రి ఉంచినాము. ఉదయం చూడగా ఎక్కడా కదలలేదు. కట్టలు దింపి, ఒక చివర పట్టుకొని నేలమీద ఈడ్చినాము, కీళ్ళు మాటాడలేదు. అప్పుడు గాని ఆ పెద్దమ్మను పిలువలేదు. ఆమె ముందు చేతితో ఊపి చూచి, తరువాత కూర్చున్నది.

ఇంత శ్రమ ఎందుకు, అంగడిలో దొరకవా అని అడుగువారున్నారు. మేము కూడ కొన్నాము. 2016లో కంప్యూటరుకని రెండు బల్లలు కొన్నాము, పేరు చెప్పనక్కరలేదు. చూచుటకు టేకువలె నునుపు. లోపలిది చెక్కపొట్టు జిగురుతో నొక్కిన పలక. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కచేరీలో నీరు రెండంగుళాలు నిలిచినది. కాళ్ళు నీళ్ళు త్రాగి అటుకులవలె ఉబ్బినవి, మర్నాడు చేతితో పొడియైనవి. అదే నీటిలో నిలిచిన వేపబెంచీని ఆరబెట్టి ఇప్పటికీ వాడుచున్నాము.

2022లో మరొక సభ్యుని తండ్రిగారు కాలం చేసినారు. ఉన్నది రెండు గదుల ఇల్లు. మగ్గం ఒక గది ఆక్రమించి ఉన్నది. పదవ తరగతి చదువు కుర్రవానికి కూర్చొనుటకు చోటు లేదు. అడితివానికి కబురు పెట్టినారని తెలిసి మేము పోయినాము. పెద్దలు ముగ్గురు అప్పటికే అక్కడ ఉన్నారు. మగ్గం విరుచుట పాపమని ఒకరు, నేతవాడు వడ్రంగి పని చేయుటేమని ఒకరు. ఇంటివారు ఇద్దరి మాట విని, "అయితే మీ ఇంట పెట్టుకోండి మావయ్యా" అన్నారు. ఆ మాటకు జవాబు లేదు.

రెండవ పెద్దకు మేము ఒకటి చెప్పినాము. 1910లో దక్షిణాఫ్రికాలో గాంధీగారు, కాలెన్‌బాక్ గారు జొహాన్నెస్‌బర్గు దగ్గర టాల్‌స్టాయ్ క్షేత్రం పెట్టినప్పుడు అక్కడివారు చిన్నబల్లల నుండి పెద్దపెట్టెల వరకు తామే చేసుకొన్నారు. కాలెన్‌బాక్ గారికి వడ్రంగం తెలియును, మిగిలినవారు ఆయనవద్ద నేర్చుకొన్నారు. వారిలో న్యాయవాదులున్నారు, వర్తకులున్నారు. మనకంటె పని తక్కువవారు కాదు.

మొదటి పెద్ద మాట మాత్రం త్రోసివేయదగినది కాదు. మా ఆచారిగారు 2020లో పోయినారు. ఆయన కుమారులు అల్యూమినియం కిటికీల పనిలో ఉన్నారు. నేడు మా వీధిలో నాడె పరుగెత్తు పలక అరిగినచో సరిచేయువారు లేరు. తొక్కుడు చెక్క విరిగినచో రెండుమూడు రోజులు మగ్గం ఆగును. అందుచేత ఆ ఇంటి మగ్గాన్ని విప్పునప్పుడు ఒక నియమం పెట్టుకొన్నాము: నడుచు మగ్గానికి పనికివచ్చునది ఏదియు కోయరాదు. పలక, నాడెలు, పన్నెలు, తొక్కుడు చెక్కలు, బట్ట చుట్టుకొను దోనె, ఇవన్నీ చీటీ కట్టి సంఘం అటక మీద పెట్టినాము. స్తంభాలు, అడ్డదూలాలు మాత్రం కోసినాము. ఈ నియమం అన్ని సంఘాలు పెట్టుకొనవలెనని మా అభిప్రాయం.

ఆ కర్రతో తండ్రీ కొడుకులిద్దరూ చదువుబల్ల చేసినారు, మేము ప్రక్కన నిలిచినాము. ఎత్తు ఇరువదితొమ్మిది అంగుళాలు, పైన మూడు పలకలు. మేము చూడని సమయంలో తండ్రి తొందరపడి పై పలకలను మూడింటిని ఒకటిగా అతికి, అడ్డపట్టీలకు మరలతో గట్టిగా బిగించివేసినాడు. ఫిబ్రవరిలో నడిమి పలక అడుగున్నర పొడవు చీలినది. పడుగే గాని పేక లేదని చెప్పినది ఇందుకే. విప్పి, పలకల నడుమ కాసుమందం సందు వదలి, అడ్డపట్టీలలో మర బెజ్జాలను పలక కదలుటకు వీలుగా వెడల్పు దిక్కున సాగదీసి తిరిగి బిగించినాము. ఆ తరువాత వానలు, చలి వచ్చిపోయినను మరి చీలలేదు. పాత చీలికలో జిగురుతో ఒక సన్నని బద్ద కూర్చినాము, ఇప్పటికీ కనబడుచున్నది. స్తంభంలో పూర్వం తాడుకట్టు కట్టిన బెజ్జం ఒకటి బల్లకాలి మీద అట్లే ఉన్నది. దానిని పూడ్చెదమన్న కుర్రవాడు ఒప్పుకొనలేదు. తాతగారి బెజ్జమట.

2023లో, రెండేళ్ళకొకసారి వచ్చు ఠాకురాణి యాత్రకు ముందు, చీరల పని ముమ్మరంగా ఉన్న సమయంలో, ప్రక్కవీధిలో ఒక మగ్గానికి తొక్కుడు చెక్క విరిగినది. అటక మీది చెక్క ఒకటి తీసి చూడగా రెండంగుళాలు పొడవు ఎక్కువ, బెజ్జం చోటు వేరు. చదువుబల్ల చేసిన ఆ సభ్యుడే ఉలి తీసుకొని పోయి, కోసి, బెజ్జం తొలిచి, మధ్యాహ్నానికి మగ్గం నడిపించి వచ్చినాడు. కూలి అడుగలేదు. వారు ఒక కొబ్బరికాయ, రెండు అరటిపండ్లు ఇచ్చినారట. తరువాత ఇంకొక రెండిళ్ళవారు అతనినే పిలిచినారు. ఇకమీదట కూలి తీసుకొనవలెనని మేము గట్టిగా చెప్పినాము. ఊరికే చేయించుకొను పని ఎన్నాళ్ళో నిలువదు.

ప్రస్తుతం మా సంఘంలో నలుగురు సభ్యులు ఈ పని నేర్చుకొనుచున్నారు. పనిముట్లు కచేరీలో ఉన్నవి, ఆదివారం ఉదయం ఇచ్చెదము. తీసుకొన్నవారు పుస్తకంలో సంతకం చేయవలెను. ఉలి సానబట్టి తిరిగి ఇవ్వవలెను. గడచిన నెల మూలమట్టం తీసుకొనిపోయిన సభ్యులు ఎవరో దయచేసి తెచ్చి ఇచ్చిన మంచిది, దాని పని ఆగి ఉన్నది.